పంతొమ్మిదో నంబరు ఎడమ కాలు

పారమట్టా

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానంటే మా బాపట్లలో అందరూ మొదట అడిగేది కంగారూ గురించి. చూశాను. రోడ్డు పక్కన చచ్చి పడున్నవి రెండు, బతికున్నది ఒకటి. అది కూడా నన్ను చూసి పెద్దగా పట్టించుకోలేదు. కంగారూ సంగతి ఇంతటితో సరి. నేను చెప్పదలుచుకున్నది తొంభై ఒకటి ఫిబ్రవరిలో ఒక ఆటగాడి కాలు చూడటానికి కారులో తొమ్మిది వందల కిలోమీటర్లు వెళ్ళిన సంగతి.

నేను ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు డ్రిల్లు టీచర్ని. కబడ్డీ నేర్పాను. రిటైరయ్యాక మా చెల్లెలు రత్నం టికెట్టు పంపి సిడ్నీ రప్పించుకుంది. అది పారమట్టాలో ఆసుపత్రి నర్సు. దానికి డ్యూటీ, నాకు కిటికీ. పదిరోజుల్లో కింద ఆగే కార్ల రంగులన్నీ నోటికొచ్చేశాయి. ఆదివారం చర్చిలో మన కోస్తావాళ్ళు పలకరించేవారు కానీ, వాళ్ళ పిల్లలు మన తెలుగు విని ఇంగ్లీషులో జవాబిచ్చి పారిపోయేవారు.

పక్క ఫ్లాటులో అప్పన్న, సరోజిని ఉండేవారు. అప్పన్న తాత విశాఖపట్నం నుంచి చెరకు కొట్టడానికి ఫిజీ వెళ్ళాడట. ఎనభై ఏడులో అక్కడి సిపాయిలు ప్రభుత్వాన్ని పడగొట్టాక వీళ్ళు బయటపడ్డారు. మొదటి రోజే అతను నన్ను "నువ్వు ఎప్పుడొచ్చినావు టీచరమ్మా?" అన్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, ముఖపరిచయం కూడా లేదు, నువ్వంటాడేమిటని నాకు ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, అతని తెలుగులో 'మీరు' లేదు. తెలుగంతా మామ్మ దగ్గర నేర్చుకున్నాడు, ఆవిడ అతన్ని ఎప్పుడూ మీరు అనలేదు కదా. నేనూ నువ్వనేశాను, ఇద్దరికీ సుఖం.

సిడ్నీ రాకముందు వీళ్ళు రెండేళ్ళు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. అక్కడి ఫుట్‌బాల్ జట్టొకదానికి అప్పన్న వీరభక్తుడు. జట్టు పేరు రాయను. రాయనని ఒకరికి మాటిచ్చాను. ఏటా ఫిబ్రవరిలో, ఇంకా పోటీలు మొదలు కాకముందే, ఆటగాళ్ళు చేసే ప్రాక్టీసు చూడటానికి వెళ్తాడట. ఆట కూడా కాదు, ప్రాక్టీసు. యాభై చిల్లర మందిని పరుగెత్తించి, అందులోంచి కొందరిని తీసేసి, ఆ ఏటికి లిస్టు కడతారు. ఎవరు ఉంటారో, ఎవరు పోతారో కంచె పక్కన నిలబడి చూడకపోతే అతనికి అన్నం సహించదు. రత్నం ఆ వారమంతా డ్యూటీ అని చెప్పగానే, నేను బట్టలు సర్దుకున్నాను.

సిమెంటు పొట్టేలు

గోల్బర్న్ దగ్గర రోడ్డు పక్కన సిమెంటుతో కట్టిన పొట్టేలు ఉంది. మూడంతస్తుల ఎత్తు. లోపల దుకాణం, కళ్ళలోంచి ఊరు చూడొచ్చు. మనవాళ్ళయితే ఇంత ఎత్తు దేన్నయినా కడితే దండ వేయకుండా ఊరుకోరు. ఇక్కడ మేజోళ్ళు అమ్ముతున్నారు. ఒక జత ధర మన లెక్కలో చీర ఖరీదు. చూసి పెట్టేశాను.

అక్కడే బల్లమీద భోజనం. సరోజిని రొట్టెలు, కొబ్బరిపాలు పోసి వండిన చేమాకు తెచ్చింది. మనం పులుసులో వేసే ఆకే. కొబ్బరిపాలలో అంత కమ్మగా ఉంటుందని నాకు అరవై ఏళ్ళు దగ్గర పడేదాకా తెలియలేదు. సరోజినికి తెలుగు రాదు, ఫిజీ హిందీ మాట్లాడుతుంది. నాకు ప్రవేశిక దాకా చదివిన హిందీ ఉంది. ఆవిడ నన్ను దీదీ అనేది. ఇద్దరం ఒకరి హిందీకి ఒకరం నవ్వుకుంటూ గడిపాం. నేను తెచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత వదులై, ఐసు పెట్టెలో పారి, ఆ పెట్టెలో ఉన్న సమస్తమూ ఎర్రబడింది. దాని సంగతి తర్వాత వస్తుంది.

దారిలో అప్పన్న అసలు విషయం చెప్పాడు. మెల్‌బోర్న్‌లో అతను చేరింది కోల్డ్ స్టోరేజీలో. అక్కడ పెట్టెలెత్తే బండి నడిపే మనిషి సాయంత్రాలు ఈ జట్టుకు ఆడేవాడు. ఆ దేశంలో అప్పట్లో పెద్ద ఆటగాళ్ళకి కూడా పగలు ఉద్యోగాలుండేవి. ఫిజీ నుంచి వచ్చిన మనిషి పలచటి చొక్కాతో చలిగదిలోకి పోవడం చూసి, అతను తన ఉన్నికోటు విప్పి అప్పన్నకి తొడిగి, తను స్వెట్టరుతో పనిచేశాడట. ఆ శనివారమే ఆటకి తీసుకెళ్ళాడు. అతని చొక్కా నంబరు పంతొమ్మిది. పన్నెండేళ్ళుగా ఆడుతున్నాడు, వయసు ముప్పై రెండు. ఈసారి లిస్టులో ఉంటాడో లేదో అని పేపర్లు రాస్తున్నాయి. అప్పన్నకి మిగతా యాభై మంది ఏమైపోయినా ఫరవాలేదు.

"అతను నేకపోతే ఆ వూరికి నేనెవుల కోసం ఎల్తాను టీచరమ్మా?" అన్నాడు. రోడ్డువైపే చూస్తూ అన్నాడు.

ఆల్బరీ

రాత్రి పడక మోటెల్లో. గదిలో గోడకి చిన్న చెక్కతలుపు ఉంది. తెరిస్తే అర. చెప్పులు పెట్టుకోవడానికి ఎంత బుద్ధిగా కట్టారో అనుకుని నా చెప్పులు అందులో పెట్టి పడుకున్నాను. పొద్దున్న ఆ అర అవతలివైపు నుంచి తెరుచుకుంది. అది టిఫిను లోపలికి అందించే కిటికీ. మోటెలాయన చేతిలో గుడ్లూ రొట్టే ఉన్న పళ్ళెం, ఎదురుగా నా చెప్పులు. ఆయన నవ్వకుండా చెప్పులు ఒక పక్కకి జరిపి, పళ్ళెం పెట్టి, గుడ్ మార్నింగ్ అని వెళ్ళిపోయాడు. ఆ పెద్దమనిషితనం నాకు నచ్చింది. గుడ్లు మాత్రం తినలేకపోయాను.

కంచె దగ్గర

ఆ ఆట ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాను. బంతి కోడిగుడ్డు ఆకారం, మైదానమూ అదే ఆకారం. పక్షానికి పద్దెనిమిది మంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, అవతలివాణ్ణి పట్టి పడెయ్యొచ్చు. ఆ చివరిది చూశాక, ఇది మన కబడ్డీకి దూరపు చుట్టమేనని నా మనసు కుదుటపడింది.

ఫిబ్రవరి అక్కడ నడి ఎండాకాలం. సాయంత్రం ఎనిమిదింటికి కూడా వెలుతురే. ఉద్యోగాల నుంచి నేరుగా వచ్చిన ఆటగాళ్ళు బట్టలు మార్చుకుని పరుగెడుతుంటే, కంచె ఇవతల ఏడెనిమిది మంది మడత కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాళ్ళకి పెద్ద జీన్. డెబ్భై ఏళ్ళావిడ, పండ్ల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయింది. ఆ ఎండలోనూ తలమీద జట్టు రంగుల ఉన్ని టోపీ. ఒళ్ళో రూళ్ళ నోటుబుక్కు. ఏటా ఒక్కో ఆటగాడికి ఒక్కో పేజీ.

వాళ్ళ మాటలు వింటుంటే పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దవాళ్ళు గుర్తొచ్చారు. ఒకడు సెలవుల్లో లావెక్కాడు. ఇంకొకడు పొడుగే గాని బుర్ర లేదు. పెర్త్ నుంచి తెచ్చిన కొత్తవాడికి ఎడమ కాలు ఉన్నట్టే తెలీదు. నలభయ్యో నంబరు కుర్రాడు బాగున్నాడు, కానీ పంతొమ్మిది స్థానంలో ఆడేవాడు కాబట్టి వాణ్ణి పైకి మెచ్చుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరూ చివరికి పంతొమ్మిది దగ్గరికే వచ్చి ఆగుతున్నారు. అతను నవ్వుతూ, కేకలేస్తూ, అందరికంటే ముందు పరుగెడుతున్నాడు. బ్రహ్మాండంగా ఉన్నాడని వాళ్ళంతా తేల్చేశారు.

నేను బంతిని చూడను. ముప్పై ఒక్క ఏళ్ళు కాళ్ళు చూసిన కళ్ళివి. అరగంట చూశాను. ఎడమకి తిరిగేటప్పుడు ఒక్క అంగలో తిరుగుతున్నాడు. కుడికి తిరగాలంటే ఎడమ కాలిమీద బరువు పడాలి. అక్కడ రెండు చిన్న అడుగులు వేస్తున్నాడు. ఆ రెండడుగులూ కనపడకుండా ఉండటానికే ఆ నవ్వూ, ఆ కేకలూ.

"కాలు దాస్తున్నాడు అప్పన్నా," అన్నాను. "ఎడమది."

మా స్కూలు గ్రౌండులో అది రోజూ వాడే మాట. దెబ్బ తగిలిన కాలిమీద బరువు వేయకుండా, వేస్తున్నట్టు కనపడే ఆటని కాలు దాయడం అనేవాళ్ళం. అప్పన్న ముఖం ఇంత వెడల్పయింది. గబగబా జీన్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆవిడ నా చీరనీ, నా మెడలో అలవాటుగా వేసుకొచ్చిన ఈలనీ చూసి, గౌరవంగా తలూపి, నోటుబుక్కులో రాసుకుంది. చెడ్డ కబురుకి వీళ్ళు ఇంత సంతోషిస్తున్నారేమిటా అనుకున్నాను. ఈ దేశపు మర్యాద కాబోలు అని కూడా అనుకున్నాను. చెప్పుల అరని చూశాక దేన్నయినా నమ్మే స్థితిలో ఉన్నాను.

మర్నాడు సాయంత్రం నాకు ప్రత్యేకంగా ఒక కుర్చీ వేశారు. థర్మాస్ ఫ్లాస్కులోంచి మొదటి కప్పు టీ నాకే. ఒకాయన వేడి వేడి 'పై', అంటే మాంసం కూరిన కజ్జికాయలాంటిది, కొనిచ్చాడు. పైపెంకు కొరకగానే లోపలి పులుసు చీరమీద పడింది. ఇండియా నుంచి వచ్చిన కోచ్ అని నా గురించి చెప్పుకుంటున్నారు. పొగడ్త ఎవరికి చేదు? కాదని చెప్పలేదు.

బెండిగో

శనివారం బెండిగో అనే లోపలి ఊళ్ళో ప్రాక్టీసు మ్యాచి. ఆ మ్యాచి చూశాకే మంగళవారం లిస్టు వేస్తారు. కంచె బృందమంతా కార్లలో రెండు గంటల దూరం వచ్చింది. గోంగూర పట్టిన వెన్న తప్ప మా దగ్గర వేరే వెన్న లేదు. సరోజిని సిగ్గుపడుతూనే రొట్టెలకి అదే రాసి పంచింది. జీన్ తిని, కళ్ళు తుడుచుకుని, ఇంకోటి అడిగింది.

తింటూ తింటూ ఆవిడ నాతో నెమ్మదిగా, నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. పంతొమ్మిది కాలు సేవింగ్ చేసుకుంటున్నాడని నువ్వు చెప్పాక రెండు రాత్రులు హాయిగా నిద్రపోయానంది. సేవింగ్ అంటే నాకు పోస్టాఫీసు పాసుబుక్కు గుర్తొచ్చింది.

అప్పన్నని పక్కకి పిలిచి, ఆ రోజు ఏం చెప్పావని అడిగాను. కాలు దాస్తున్నాడని నువ్వే కదా అన్నావన్నాడు. అసలు పోటీల కోసం కాలిని మిగుల్చుకుంటున్నాడు, అందుకే కొంచెం తగ్గి ఆడుతున్నాడు, అని చెప్పాడట.

"దాసడమంటే నాకు ఒకటే తెలుసు టీచరమ్మా. మా మామ్మ నాకోసం బెల్లమ్ముక్క దాసీది. పండక్కి ఇచ్చీది."

నా అర్థం నేను చెప్పాను. మోకాలు చెడింది, అది ఎవరికీ కనపడకుండా ఆడుతున్నాడు అని. అప్పన్న కారు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇంకెవులికీ సెప్పకు అని మాత్రం ఒకసారి అన్నాడు. అంతలోనే, పద, అతనితోనే సెప్దాం అని తనే అన్నాడు.

ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది బయట పంతొమ్మిది బల్లమీద కూర్చుని మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు. అప్పన్నని చూసి ముఖమంతా నవ్వాడు. ఇంట్లోవాళ్ళని పేరుపేరునా అడిగాడు. అప్పన్న నేలచూపులు చూస్తూ సంగతి చెప్పాడు. అతను నవ్వాపకుండానే నావైపు తిరిగి, ఏమిటో ఆ చూసింది అన్నట్టు చెయ్యి చాపాడు. నాకు ఇంగ్లీషులో చెప్పడం కష్టమనిపించి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని చేసి చూపించాను. ఎడమకి తిరిగాను. కుడికి తిరిగాను, రెండు చిన్న అడుగులతో. నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసి అప్పన్నతో చాలా మెల్లిగా ఒక మాటన్నాడు.

"దీన్ని దాయమంతన్నాడు టీచరమ్మా," అన్నాడు అప్పన్న. "మంగళారం దాకా."

అప్పన్న ఆ మాటని నా అర్థంలో వాడటం అదే మొదటిసారి.

దాచేదాన్నే. ఊరుకాని ఊరు, నాకెందుకు? కానీ నోరు ఊరుకోలేదు. నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. నా దగ్గర ఒక పిల్ల ఆడేది. విమల. జోనల్ ఫైనల్ రోజు కాలు దాస్తోందని నేను చూశాను. చూసి మాట్లాడలేదు. ఆ పిల్ల లేకపోతే గెలవం. గెలిచాం. ఇరవై ఏళ్ళయింది, ఆ పిల్ల ఇప్పటికీ నేలమీద కూర్చోలేదు.

అతను పట్టీ చుట్టడం ఆపాడు. ఆ కప్పు ఎక్కడుంది అని అడిగాడు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో బీరువా మీద ఉంది, ఒక చెవి ఊడిపోయింది అని చెప్పాను. తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

మ్యాచి మొదలైంది. పంతొమ్మిది స్థానంలో నలభై దిగాడు. ఆట సగంలో ఉండగా మామూలు ప్యాంటూ చొక్కాతో పంతొమ్మిది వచ్చాడు. మైదానంవైపు నుంచి కాదు, మావైపు నుంచి. ఇక దాచకుండా కుంటుతున్నాడు. అప్పన్న లేచి తన కుర్చీ ఇచ్చి తను నిలబడ్డాడు. జీన్ టీ పోసింది. సరోజిని గోంగూర రొట్టె చేతిలో పెట్టింది. అతను తింటూ నలభయ్యో నంబరుని చాలాసేపు చూశాడు. వాడు రెండువైపులా తిరగగలడు అన్నాడు. జీన్ నలభయ్యో పేజీ తీసి ఆ మాట రాసింది. పంతొమ్మిదో పేజీ కూడా తెరిచి, పెన్సిలు పట్టుకుని, ఏమీ కొట్టేయకుండానే మూసేసింది.

వెళ్ళేటప్పుడు అతను నా చెయ్యి పట్టుకుని, మీ ఊళ్ళో ఎవరికైనా ఈ సంగతి చెబితే పేరు మాత్రం వద్దన్నాడు. అదీ నేనిచ్చిన మాట.

తిరుగు దారి

ఆల్బరీ దగ్గర నదిమీద వంతెన దాటాక అప్పన్న, "నేను తప్పు సెప్పినాను గానీ టీచరమ్మా, ఆ రెండ్రోజులూ అందరం బాగున్నాం," అన్నాడు. ఔనన్నాను. నిజంగానే బాగున్నాం. వచ్చే ఏడు వెళ్ళవా అని సరోజిని అతన్ని హిందీలో అడిగింది. వెళ్తానన్నాడు, ఇంకో మడత కుర్చీ కొనాలన్నాడు. మోటెల్లో ఈసారి నా చెప్పులు మంచం కింద పెట్టుకున్నాను.

బాపట్ల

నేను వచ్చిన నెలకి రత్నం ఉత్తరం రాసింది. లిస్టులో పంతొమ్మిది పేరు లేదు. మోకాలికి ఆపరేషన్ అయింది, చేతికర్రతో వచ్చి కంచె పక్కనే కూర్చుంటున్నాడని అప్పన్న చెప్పమన్నాడట.

విమలకి బస్టాండు ఎదురుగా ఫ్యాన్సీ కొట్టుంది. ఇరవై ఏళ్ళుగా నేను సబ్బులూ పిన్నీసులూ అక్కడే కొంటాను. ఎత్తు స్టూలు మీద ఎడమ కాలు చాపుకుని కూర్చుంటుంది. బాగున్నావా అంటాను, బాగున్నాను టీచర్ అంటుంది, అంతే. ఉత్తరం వచ్చిన సాయంత్రం వెళ్ళి, కాలు ఎలా ఉందని అడిగాను. ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు నువ్వు కాలు దాస్తున్నావని నేను చూశాను విమలా, అని కూడా చెప్పాను.

విమల సబ్బు పొట్లం కడుతున్న చెయ్యి ఆపలేదు.

"మీరు చూశారని నాకు తెలుసు టీచర్," అంది. "చూసి ఏమీ అనలేదు కదా, అందుకే ఫరవాలేదనుకున్నాను."